అత్త పట్టిన అవతలి కొస

మా అత్త పోయింది. ఇంకా పెద్దదినం కూడా కాలేదు. ఆ పొద్దున్న గజపతినగరంలో నా జిరాక్సు కొట్టు షట్టరు ఎత్తుతూంటే మా ఆవిడ ఫోన్ చేసి, "అమ్మ లెగట్లేదు" అంది. సగం ఎత్తిన షట్టరు మళ్లీ దించేసి బండెక్కాను.

ఆవిడ నాకు మేనత్త, ఆ తర్వాత పిల్లనిచ్చిన అత్త. పెళ్లయ్యాక కూడా 'అల్లుడుగారూ' అని ఒక్కనాడు పిలిచిన పాపాన పోలేదు. 'ఒరే' అనేది. మావయ్య తాగి తాగి లివరు పాడై చనిపోయాక, ఉన్న ఒక్క కూతురి దగ్గరుందామని మా ఇంటికొచ్చింది. వచ్చి చూస్తే ఇక్కడ నేనున్నాను, మావయ్యకి ఏమాత్రం తీసిపోకుండా. ఇప్పుడు తలుచుకుంటే ఆవిడ రాతకి నవ్వాలో ఏడవాలో తెలీదు.

విజయనగరంలో మందు మానిపించే వార్డులో ఉండి ఇంటికొచ్చిన రోజు బాగా గుర్తు. మా ఆవిడ కంచంలో అన్నం పెట్టి, నా ముఖం చూడకుండా లోపలికెళ్లి తలుపేసుకుంది. నేను మానతానని అప్పటికే చాలాసార్లు ఒట్లు పెట్టి ఉన్నాను, ఆవిణ్ణి అనడానికేం లేదు. పగలు ఎలాగో గడిచింది. దీపాలు పెట్టే వేళకి మాత్రం ఒళ్లు ఎదురుతిరిగింది. తాగుడు అలవాటున్నవాడికి ఆ వేళ ఒక గండం. కాళ్లు వాటంతటవే చెప్పులు వెతుక్కుంటాయి. అప్పుడు అత్త ఒక గోగునార కట్ట తెచ్చి ఇంటిముందు పంచలో నా ముందు పడేసింది.

"ఒరే, కాళీగా ఉన్నావు గదా. ఈ కొస పట్టు."

తాడు పేనడం చూడనివాళ్ల కోసం చెప్తాను. నారని పొడుగ్గా సాగదీసి ఇద్దరు చెరో కొసా పట్టుకుని మెలిపెడతారు. ఆ మెలినే పురి అంటాం. పురెక్కిన మూడు పేటలు కలిపితే ఒక తాడు. నేను ఎదురుగా ఉన్న ఆవిడ చేతినే చూస్తూ, అది ఎటు తిరిగితే అటే తిప్పుతూ పోయాను. ఎంతసేపు తిప్పినా నార దొర్లుతోందే తప్ప పురెక్కలేదు.

"ఏటి సేస్తన్నావురా? నేనెక్కిస్తంటే నువ్వు ఇప్పేస్తన్నావు. నన్ను సూసి తిప్పకు. నీ కుడిపక్కకి నువ్వు తిప్పు, నా కుడిపక్కకి నేను తిప్పుతాను."

నా చేతులు వణుకుతున్నాయి. మానిన కొత్తలో అందరికీ ఉండేదే. నేను కొస కింద పెట్టెయ్యబోతే, "సెయ్యి ఒణికితే ఒణికింది. పురికి దాంతో ఏటి పని? కొస మాత్రం ఒగ్గీకు" అంది.

ఆ రోజు మొదలు ప్రతి సాయంకాలం అదే పని. నిజానికి మా ఇంట్లో పశువే లేదు, ఎప్పుడో అమ్మేశాం. తాళ్లు మాత్రం అటక నిండా పేరుకుపోయాయి. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ పంచిపెట్టేది. ఊళ్లో ఏ ఆవు మెడ చూసినా మా తాడే. నార దొరకని రోజుల్లో పాత తాళ్లు విప్పించి మళ్లీ పేనించేది. తాగుడు గురించి మాత్రం మంచిదనిగానీ చెడ్డదనిగానీ ఒక్క ముక్క మాట్లాడేది కాదు. మాట్లాడినవన్నీ ఎవరి కోడలు అలిగింది, మా ఊరి వాగు గెడ్డలో నీళ్లెంతున్నాయి, వంకాయల్లో పుచ్చులెన్ని, ఇవే. నాకు విసుగొచ్చి ఒకసారి అడిగాను కూడా, "అవతలి కొస స్తంభానికి కట్టేస్తే నేనొక్కణ్ణే పేనుకుంటాను గదత్తా" అని.

"స్తంభం మాటాడతాదేటిరా?" అంది.

మావయ్య ఉన్న రోజుల్లో ఆవిడ ఒక్కతే, అవతలి కొస స్తంభానికి కట్టుకుని, ఆయన కోసం ఎదురుచూస్తూ తాడు పేనేదట. ఈ సంగతి మా ఆవిడ మొన్న, శవం దగ్గర కూర్చుని చెప్పింది. ముందే తెలిసుంటే ఆ మాట అనేవాణ్ణి కాదు.

వార్డు నుంచి పంపేటప్పుడు డాక్టరు, "పెద్ద సంతోషమొచ్చినా, పెద్ద దుఃఖమొచ్చినా జాగ్రత్త" అన్నాడు. మనకంత పెద్దవేం వస్తాయిలే అనుకున్నాను. వచ్చింది.

మా బంధువుల్లో ఒక ఆచారం ఉంది. శవాన్ని మోసినవాళ్లకి అల్లుడు మందు పోయించాలి. పోయించడమే కాదు, మొదటి గుక్క అతనే తాగాలి. అప్పటిదాకా మోసినవాళ్లు గ్లాసు ముట్టరు. దహనమయ్యాక గెడ్డలో స్నానాలు చేసి అందరూ గట్టు మీద కూర్చున్నారు. సీసాలు ఎవరో అప్పటికే తెచ్చి ఉంచారు. వరసకి బావ అయ్యేవాడు, ఒకప్పుడు నాతో రోజూ తాగినవాడు, గ్లాసు నింపి నా చేతిలో పెట్టాడు.

"ఒక్క రోజుకి ఏటీ అవదు బావా. ముసిల్దానికి మర్యాద. పెదం తడుపు, సాలు."

అతను చెడ్డవాడు కాదు. అత్త పాడెకి ముందువైపు భుజమిచ్చింది అతనే. అబద్ధమెందుకు, ఆచారం సంగతి అటుంచితే, నాకే కావాలనిపించింది. గ్లాసులోది పోస్తే దుఃఖం దిగిపోతుందని ఒళ్లంతా చెప్తోంది. పైగా ఊరంతా కూర్చుని ఒప్పుకున్న తాగుడు. ఆ పూటకి నన్ను తప్పుపట్టేవాడు లేడు. తాగుబోతుకి ఇంతకన్నా మంచి సందు దొరకదు. గ్లాసు మూతి దాకా తెచ్చాను.

వాసన తగిలింది. మావయ్య చివరి రోజుల్లో వాళ్లింటినిండా ఉన్న వాసన. ఆవిడ మొగుణ్ణి తీసుకుపోయిన సరుకుతో ఆవిడకి మర్యాదా అనిపించింది. అలా అనిపించినా చెయ్యి కిందికి దిగడానికి చాలాసేపు పట్టింది.

"మోసినోడివి నువ్వు, నువ్వే తాగు బావా. నాకు సాయంకాలం పనుంది" అన్నాను.

"ఈయాళేటి పని?"

"తాడు పేనాల."

అందరూ నాకు మతి పోయిందనుకుని ఉంటారు. నా వెనక వాళ్లు తాగారో, ఆచారం తప్పానని తిట్టారో తిరిగి చూడలేదు. తడిబట్టలతో ఇంటికి నడిచాను, దారంతా పెద్దగా ఏడుస్తూనే. ఇది రాస్తున్న పూటకి నేను తాగలేదు. రేపటి మాట చెప్పలేను. చెప్పమని అత్త కూడా ఏనాడూ అడగలేదు.

ఇల్లు చేరేసరికి దీపాలవేళ. అత్త పడుకునే చోట ప్రమిద వెలుగుతోంది. ముందురోజు మేమిద్దరం సగం పేనిన పేట, పురి విప్పుకుపోకుండా పంచలో రెండు స్తంభాలకీ కట్టి ఉంది. అటుపక్కది ఆవిడ వేసిన ముడి. నా వైపు కొస విప్పి, కూలబడి, ఒక్కణ్ణే తిప్పడం మొదలుపెట్టాను. స్తంభం నిజంగానే ఏమీ మాట్లాడలేదు.

ఎప్పుడొచ్చిందో మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. ఇన్నాళ్లూ ఈ వేళకి లోపలే ఉండేది, మా తాడు వంక కూడా చూసేది కాదు. దగ్గరకొచ్చి నా నోటి వాసన చూస్తుందనుకున్నాను. చూడలేదు. అటుపక్కకి నడిచి, స్తంభానికున్న వాళ్లమ్మ ముడి విప్పి, కొస పట్టుకుని కూర్చుంది.

"మైల్లో పని సెయ్యకూడదంతారు" అంది.

"మానేద్దామా?"

నా చేతిని చూస్తూ తిప్పింది. నార దొర్లింది.

"నన్ను సూసి తిప్పకు. నీ కుడిపక్కకి."

"ఇటా?"

"ఊ. కొస ఒగ్గీకు."

మెల్లగా పురెక్కడం మొదలైంది. మా ఇద్దరి మధ్యా నార బిగుస్తూంటే, అటు కొస దగ్గర ఒక తెల్ల వెంట్రుక పురిలో చిక్కుకుని కనిపించింది. మా ఆవిడ దాన్ని లాగెయ్యబోయి ఆగింది. కాసేపు దానివంకే చూసి, అలాగే ఉంచి తిప్పింది.