స్విచ్చుల్లేని ఇల్లు

“నా ఇంట్లో నేను లైటు వేసుకోడానికి మీ పర్మిషనేంటండీ?”

“పర్మిషన్ కాదే, కమాండు. ఎన్నిసార్లు చెప్పాలి?”

“కమాండూ లేదు గిమాండూ లేదు! తలకి సబ్బు పెట్టుకుని ఉన్నాను. లైటు పోయింది. నీళ్ళాగిపోయాయి. కళ్ళు మంట. గోడ తడుముకుంటే స్విచ్చెక్కడుంది? మీరు పూడ్చేశారుగా! అవస్థ పడి బయటికొచ్చి చూస్తే మీరు హాల్లో కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు.”

“కూర్చుంటే? నేనా ఆపాను? సెన్సరు పోయింది.”

“మొన్ననే కదా కొత్తది పెట్టారు!”

“అదే నేనూ అంటున్నా. కొత్త సెన్సరు ఊరికే పోదు. అంటే ఎవరో ఆపుతున్నారు. ఈ ఇంట్లో ఉన్నది ఇద్దరం. నేనైతే కాదు.”

అక్కడ మాట ఆగిపోయింది. పనిముట్ల సంచి భుజాన వేసుకుని మెట్లెక్కుతున్న మేనల్లుడి కాళ్ళు కూడా ఆగిపోయాయి. ఆ ఇంట్లో పోట్లాటలు వాడికి కొత్త కాదు. మావయ్యా అత్తా పోట్లాడుకుంటే టిక్కెట్టు పెట్టి చూపించొచ్చు, అంత బాగుంటాయి. కానీ ఎన్ని మాటలు అనుకున్నా ఇంతవరకూ ఒకరినొకరు దొంగని చేసుకోలేదు.

తలుపు దానంతటదే తెరుచుకుంది. గుమ్మం పైన కెమెరా వాడి మొహం గుర్తుపట్టింది. గోడలకి చెవులుంటాయని అందరిళ్ళలోనూ అంటారు. ఆ ఇంట్లో గోడలకి కళ్ళు కూడా ఉన్నాయి.

వీధిలో మావయ్యని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ‘అప్‌డేట్ గారు’ అంటారు. ఆఫీసులు తిరిగి ప్రింటర్లు, జిరాక్సు మెషీన్లు బాగుచెయ్యడం ఆయన ఉద్యోగం. అది కడుపుకి. మనసు నిండాలంటే మాత్రం లోకంలో ఉన్న ప్రతి యంత్రం గురించీ ఏదో ఒకటి చెప్పాలి. బాగున్నారా అని పలకరించిన పాపానికి ఎంతమంది పాలపాకెట్లు చేతిలోనే విరిగిపోయాయో లెక్కలేదు.

“ప్రింటరుకి మనిషి తొందర తెలుస్తుందయ్యా. తీరిగ్గా ఉన్నవాడికి వంద కాగితాలు కక్కుతుంది. తొందరున్నవాడి ఒక్క కాగితాన్నీ మింగుతుంది” అంటాడు. “అప్‌డేటంటే పిలవని చుట్టం. మనం నిద్రపోతుంటే వచ్చి, ఇల్లంతా సర్దేసి, ఏది ఎక్కడ పెట్టాడో చెప్పకుండా పోతాడు” అంటాడు. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టాడు గానీ వాడి వంటింటి ఓవెన్ మీద గడియారం ఇప్పటికీ సున్నాలే చూపిస్తోందని ఆయన బాధ. సైన్సు గురించి ఆయన చెప్పేది మాత్రం మేనల్లుడికి అక్షరం పొల్లుపోకుండా గుర్తు. “సైన్సంటే రాకెట్లూ టెలిస్కోపులూ కాదురా. ‘నాది తప్పు’ అనడానికి మనిషి కనిపెట్టిన ఒకే ఒక్క పద్ధతి. అందుకే అది లేబొరేటరీ గడప దాటి ఇళ్ళలోకి రాలేదు.”

మేనల్లుడు కాలేజీ సగంలో మానేసినప్పుడు చుట్టాలంతా చేరి, పోయినవాడి మంచితనం చెప్పుకున్నట్టు వాడి చిన్నప్పటి తెలివితేటలు చెప్పుకున్నారు. మావయ్య ఒక్కడే, “ప్రోగ్రాం హ్యాంగయితే ఏం చేస్తాం? బయటికొచ్చేస్తాం. వాడూ అదే చేశాడు. ఏడుపెందుకు?” అన్నాడు. అప్పట్నుంచీ వాడికి ఆయనంటే ప్రాణం. ఉద్యోగాలు రెండు మారి ఇప్పుడు ఇంటింటికీ ఇంటర్నెట్ తీగలు లాగుతున్నాడు. అదీ ఎన్నాళ్ళుంటుందో వాడికే తెలీదు. నోటికి అడ్డూ ఆపూ లేదని అందరిచేతా అనిపించుకున్నవాడు.

ఇల్లు చిన్నదే. రెండు గదులు, హాలు, వంటిల్లు, వీధివైపు చిన్న బాల్కనీ. మావయ్య కొన్నేళ్ళ క్రితం గోడల మీద స్విచ్చులన్నీ పీకేసి, కన్నాలు పూడ్చి, పైన రంగు వేయించాడు. లైట్లు, ఫ్యాన్లు, నీళ్ళ మోటారు, కరెంటు పొయ్యి, అన్నీ ఫోన్లోంచే. బీరువాలో దుప్పట్ల పక్కన వీటన్నిటినీ నడిపే పెట్టె ఒకటి కూర్చుని ఆకుపచ్చ కన్ను కొడుతూ ఉంటుంది. అత్త మాత్రం చీకటి పడ్డాక ఏ గదిలోకి వెళ్ళినా ముందు గుమ్మం పక్క గోడని ఒకసారి అరచేత్తో రాస్తుంది. ఆ చోట రంగు మాసి గోడకి నీడలా మచ్చ పడింది.

ఇప్పుడా ఇల్లే తిక్కతిక్కగా చేస్తోంది. లైట్లు ఆరిపోతాయి. మోటారు ఆగకుండా తిరిగి ట్యాంకు పొర్లి, కిందింటివాళ్ళు తిట్లు లంకించుకుంటారు. మావయ్య దగ్గర రిపేరుకి ఒకటే సూత్రం. అనుమానమున్న భాగం తీసెయ్, మంచిదని తెలిసిన భాగం పెట్టు. తప్పు పోతే తీసిందే దొంగ. పోకపోతే దాని పక్కది చూడు. ఆ లెక్కన సెన్సర్లు మార్చాడు, తీగలు మార్చాడు, పెట్టె మార్చాడు. తప్పు పోలేదు. చివరికి ఫోన్ చేసి, “అల్లుడూ, చిన్న ఫాల్టురా, ఒకసారి వచ్చి చూడు” అన్నాడు. ఆ మనిషి ఇంకొకర్ని సాయమడగడం అదే మొదలు.

మేనల్లుడు పెట్టె విప్పి చూశాడు. దేనికీ వంక పెట్టడానికి లేదు. ఏ లైటు ఎవరు ఆర్పారో చెప్పే ఏర్పాటు అందులో లేదు. ఎందుకు పెట్టలేదో ఒకప్పుడు మావయ్యే చెప్పాడు. మొగుడూ పెళ్ళాల మధ్య సాక్ష్యం ఉండకూడదట, సంసారం కోర్టయిపోతుందట.

వంటింట్లోకి వెళ్తే అత్త తడి జుట్టుతోనే కూరగాయలు తరుగుతోంది.

“విన్నావుగా. మీ మావయ్య నన్ను దొంగని చేశాడు.”

“నువ్వు ఆపుతున్నావా అత్తా?”

“నీ మొహం! ఆ ఫోనులో ఏది నొక్కితే ఏమవుతుందో నాకే తెలిస్తే ఈ పాట్లెందుకురా?”

“మరెవరు?”

అత్త కత్తి ఆపలేదు. తల కూడా ఎత్తలేదు. “ఎవరో ఎందుకులే. నేను నోరేసుకుని పోట్లాడినంతసేపూ తప్పు లైటుదేరా. నేను నోరు మూసుకున్న రోజు తప్పు ఇంకొకరిదవుతుంది.”

వాడికి ఆ మాట పూర్తిగా ఎక్కలేదు. హాల్లోకొచ్చి మావయ్య ఎదురుగా కూర్చున్నాడు. ఆయన ఫోను చేతిలో ఆడిస్తూ ఏదో కొత్త గడియారం గురించి అందుకున్నాడు. చేతికి కట్టుకుంటే మన నిద్ర ఎలా ఉందో పొద్దున్నే చెబుతుందట. “నిద్ర సరిగ్గా పట్టలేదని చెప్పడానికి ఒక గడియారమా? ఆ సంగతి మొహం చూసి పక్కింటావిడ ఉచితంగా చెబుతుంది...”

చెబుతూనే ఉన్నాడు. బొటనవేలు ఫోన్ మీద తన దారిన తను తిరుగుతోంది. రెండుసార్లు జరిపింది, ఒకసారి నొక్కింది. వంటింట్లో లైటు ఆరింది.

“మళ్ళీ!” అని లోపల్నుంచి అత్త కేక.

మావయ్య ఉలిక్కిపడి లేచాడు. “చూశావా? చూశావా! నేను చెప్పానా!” ఆ కళ్ళలో నటన లేదు. నిజంగానే దొంగ పడ్డ ఇంటివాడిలా చుట్టూ చూస్తున్నాడు. ఫోన్ ఇంకా వెలుగుతూ చేతిలోనే ఉంది.

నోటికి అడ్డూ ఆపూ లేనివాడు కూడా మాటలు వెతుక్కుని అన్నాడు. “మావయ్యా, ఇప్పుడు నువ్వే ఆపావు.”

“నేనా? నేను నీతో మాట్లాడుతున్నానురా!” నవ్వబోయి, నవ్వు మధ్యలోనే మొహం గంటు పెట్టుకున్నాడు. “ఒక్క చదువూ పూర్తి చెయ్యలేనివాడివి, నాకు పాఠం చెబుతావా?”

లోకమంతా అన్న మాటే. ఆయన నోట మాత్రం అదే మొదటిసారి. వాడు మింగేసి, “సరే, నీ సూత్రమే. మార్చని భాగం ఏం మిగిలింది? నీ ఫోను. నాలుగు రోజులు నాకివ్వు. ఏది నొక్కాలో అత్తకి నేర్పుతాను, ఆమె ఫోనుతో ఇల్లు నడవనీ” అన్నాడు.

సూత్రం అనేసరికి మావయ్య కాదనలేకపోయాడు.

ఆ నాలుగు రోజులూ ఇల్లు బుద్ధిగా ఉంది. లైటు ఆరలేదు, ట్యాంకు పొర్లలేదు. మావయ్య ఆనందం పట్టలేక మేనల్లుడికి ఫోన్ మీద ఫోన్, అదీ అత్త ఫోన్లోంచి. “దొంగ దొరికాడురా! ఫోనే! లోపల ఏదో పాడైంది, దానంతటదే నొక్కుకుంటోంది. నీ తప్పేం లేదులే, నువ్వు చూసింది అదే.” అత్తకి కూడా, మొహం చూపించకుండా పేపరు అడ్డం పెట్టుకుని, “నిన్ననవసరంగా అన్నాను” అన్నాడట. ఆ ముక్క చెబుతూ అత్త నవ్వింది గానీ ఆ నవ్వులో ప్రాణం లేదు.

కొత్త ఫోను వచ్చింది. వారం బాగానే గడిచింది.

ఒక మధ్యాహ్నం అత్త ఉతికిన బట్టలు మడతపెడుతోంది. మావయ్య బాల్కనీలో కూర్చుని కొత్త ఫోను చేతిలో ఆడిస్తున్నాడు. వంటింట్లోంచి కాలిన వాసన వచ్చింది. పరిగెత్తి చూస్తే పొయ్యి ఎర్రగా కాలుతోంది. ఆరిందనుకుని దాని మీద పెట్టిన ప్లాస్టిక్ డబ్బా కరిగి కారుతోంది. ఆపడానికి తన ఫోను హాల్లో ఉంది, గోడ మీద స్విచ్చు లేదు. మంట లేస్తుందేమోనని కంగారులో ఉత్త చేత్తో డబ్బా లాగింది. అరచేయి నిండా అంటుకుంది.

మావయ్య వచ్చేసరికి ఆమె కుళాయి కింద చెయ్యి పెట్టి నిలబడి ఉంది. “ఏమైందే?” అన్నాడు.

“ఏం లేదండీ. పొయ్యి పాడైంది. మార్చేద్దాం.”

ఆ సాయంత్రమే మేనల్లుడికి కబురొచ్చింది. వెళ్ళేసరికి అత్త చేతికి కట్టుతో పక్కగదిలో పడుకుని ఉంది. మావయ్య బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఫోను చేతిలో లేదు. ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని, పరాయివాళ్ళ చేతులు చూస్తున్నట్టు చూస్తున్నాడు.

“కూర్చో అల్లుడూ. ఆ పొయ్యి కొని ఆర్నెల్లు కాలేదు. అది పాడయ్యే రకం కాదు. అలాంటిది పాడైందని మీ అత్త అబద్ధం చెప్పింది, చెయ్యి కాలి ఏడుస్తూ కూడా. ఈ ఇంట్లో యంత్రాల పక్షాన ఒక్కనాడు ఒక్క మాట మాట్లాడని మనిషి! దాన్నిబట్టి తెలిసింది నాకు. ఫోను మార్చాను. వేలు మార్చలేదు. కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలీకూడదంటారు చూడు, నా కుడిచెయ్యి నాకే చెప్పడం మానేసింది.”

వాడు గడప మీద కూర్చున్నాడు.

“ఆఫీసులోనూ అంతే. పోయిన వారం ఒక మెషీను విప్పాను. భాగాలన్నీ బల్ల మీద పరిచాను. ఒక్కొక్కదాని పేరూ తెలుసు. ఏది దేని తర్వాతో తెలీదు. కూడా వచ్చిన కుర్రాణ్ణి పిలిచి ‘నువ్వు బిగించు, నీకు ట్రైనింగు’ అన్నాను. వాడు సంబరపడిపోయాడు.”

“డాక్టరు దగ్గరికి పద మావయ్యా.”

“ఆ మర్నాడే వెళ్ళొచ్చానురా, మీ అత్తకి చెప్పకుండా. మతి పరీక్షకని గడియారం బొమ్మ గియ్యమంది డాక్టరమ్మ. నేను డిజిటల్ గడియారం గీశాను. ఆవిడ నవ్వలేదు. ముళ్ళున్నది గియ్యండి అంది.” కింద వీధిలో ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు, అవట్లేదు. ఆ చప్పుడు విని అలవాటు కొద్దీ ఏదో అనబోయి ఊరుకున్నాడు. “అప్పుడు నేనూ నవ్వలేదు. మందులిచ్చింది. వాటితో మరుపు జబ్బు నడక కొంచెం మెల్లగా సాగుతుందట, వెనక్కి మాత్రం తిరగదట.”

కాలేజీ మానేసినప్పుడు కూడా ఇంత చేతగానివాడిలా అనిపించలేదు మేనల్లుడికి. విప్పి చూడ్డానికి పెట్టె కాదు, మార్చడానికి భాగం లేదు.

మావయ్య లేచి హాల్లోకి నడిచాడు. జేబులోంచి పెన్సిలు తీసి, గోడకి చెవి ఆనించి, వేలి కణుపుతో తట్టుకుంటూ వెళ్ళి ఒకచోట గుండ్రంగా గీత గీశాడు. పడకగది గుమ్మం దగ్గర ఇంకొకటి. వంటింట్లో పొయ్యి పైన రెండు.

“పాత స్విచ్చుల పెట్టెలన్నీ గోడల్లోనే ఉన్నాయి, తీగలు కూడా. ఏది ఎక్కడుందో ఇవాళైతే నాకు తెలుసు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారుగా. రేపు వచ్చి ఇవన్నీ పగలగొట్టు. మామూలు స్విచ్చులు పెట్టు, టక్కుమని చప్పుడు చేసేవి. బీరువాలో పెట్టె పట్టుకుపో. పొయ్యి కూడా.”

“అలాగే మావయ్యా.”

“అది సులువు. అడగాల్సింది ఇంకోటుంది.” పెన్సిలు వాడి చేతిలో పెట్టాడు. “కొన్నాళ్ళు పోయాక ఈ మాటలన్నీ మర్చిపోతాను. నా ఇల్లెవడు పాడుచేశాడని అరుస్తాను. నీమీద చెయ్యి కూడా చేసుకుంటానేమో. ఆ పెట్టె మళ్ళీ పెట్టమని చిన్నపిల్లాడిలా గెడ్డం పట్టుకు బతిమాలతాను. చూడలేక మీ అత్తే ‘పోనీ పెట్టరా’ అంటుంది. అప్పుడు పెట్టకు. నన్ను చూసి జాలిపడ్డా సరే, నువ్వు మాత్రం పెట్టకురా.”