నైట్ షిఫ్ట్ తారీఖు

మా నాన్న దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. ఏడాదిలో ఎన్ని రోజులో దానికి అన్ని పేజీలు. ఏ గాయకుడు ఏ రోజు పుట్టాడు, ఏ సంగీత దర్శకుడు ఏ రోజు పోయాడు, ఏ పాట మొదటిసారి రేడియోలో ఎప్పుడొచ్చింది, అన్నీ ఏ తారీఖువి ఆ పేజీలో రాసుకున్నాడు. చరిత్రంటే ఆయనకి పాటల చరిత్రే. యుద్ధాలకీ ఎన్నికలకీ అందులో చోటు లేదు గానీ, భిలాయిలో మా సెక్టర్ 6 క్వార్టర్‌లోకి మొదటి టేప్‌రికార్డర్ వచ్చిన రోజుకి మాత్రం ఎర్ర సిరా దక్కింది.

రిటైరయ్యాక ఆ పుస్తకానికి యోగం పట్టింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి స్టీలు ప్లాంటులో పనికొచ్చి భిలాయిలోనే ముసలివాళ్లయిన వాళ్లకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. రోజూ పొద్దున్న ఆరింటికి, అంటే ఫస్ట్ షిఫ్ట్ వేళకి, "ఈ రోజు పాటల్లో" అని అందులో మెసేజ్ పడి తీరాలి. ఆయన చదువుతాడు, నేను టైపు చేస్తాను. హిందీ స్కూల్లో చదివిన నేను తెలుగు రాయడం నేర్చుకున్నది ఇలాగే. జయంతి, వర్ధంతి అన్న రెండు మాటలూ తప్పుల్లేకుండా వచ్చాక మిగతా భాష వాటి వెనకే వచ్చింది.

ఆ పుస్తకంలో కిక్కిరిసిన పేజీ ఒకటుంది. ఒక గాయని జయంతి, ఒక హిందీ సంగీత దర్శకుడి వర్ధంతి, నాన్న దేవుడిలా చూసుకునే గాయకుడి వర్ధంతి, ఇవన్నీ అయ్యాక అట్టడుగున చిన్నక్షరాలతో "అమ్మాయి పుట్టింది". ఆ అమ్మాయిని నేనే. మహామహుల పక్కన చోటు దొరికిందని చిన్నప్పుడు తెగ మురిసిపోయేదాన్ని. అమ్మ మాత్రం ఆ పేజీని ఏనాడూ ఒప్పుకోలేదు.

"కన్నది నాను. తారీకు ఆయన సెప్తాడేటి?" అనేది.

ఆవిడ లెక్కలో నేను పుట్టింది మర్నాడు. ఆస్పత్రి కాగితం కూడా ఆవిడ పక్షమే. అందుకని నలభై ఏళ్లుగా మా ఇంట్లో నాకు రెండు పుట్టినరోజులు. మొదటిరోజు నాన్న తెచ్చే జిలేబీ, రెండోరోజు అమ్మ వండే పాయసం. ఎవరిది నిజమో తేల్చాలని నాకెప్పుడూ అనిపించలేదు. తేలితే ఒకటి పోతుంది కదా.

కిందటేడు ఆ పేజీ మెసేజ్ పెట్టిన గంటకే జవాబొచ్చింది. రాసింది గ్రూపులో ఉన్న ఒకే ఒక్క ఆఫీసరు, పెద్ద ఇంజనీరుగా రిటైరైన ఆయన. "క్షమించాలి. ఆ గాయకుడు పోయింది ఈ తారీఖున కాదు, మర్నాడు. ఇంటర్నెట్‌లో చూశాను. పెద్దవారు కాస్త సరిచూసుకుని పెడితే బాగుంటుంది." కింద చేతులు జోడించిన బొమ్మ. నాలుగు తిట్టినా అంత తగిలేది కాదు.

నాన్న పుస్తకం మూసేశాడు.

"ఇంక ఒద్దులే అమ్మడూ. లాగ్‌బుక్కులో తప్పు రాసినోడ్ని ఫర్నేసు కాడ కూకోనివ్వరు. గ్రూపులోంచి నన్ను తీసీ."

నాకు భయమేసింది. ముప్పై ఏళ్లు ఫర్నేసు కంట్రోల్ రూములో గంటగంటకీ లాగ్‌బుక్ రాసిన మనిషి, ఒక్క కొట్టివేత లేకుండా. ఇప్పుడు ఆయన్ని పొద్దున్నే మంచం దింపేది ఆ ఒక్క మెసేజే. అది ఆగిపోతే ఏమవుతుందో ఊహించడానికి నాకు ధైర్యం చాల్లేదు.

"ఆ గాయకుడు పోయిన కబురు నీకెక్కడ తెలిసింది నాన్నా?" అని అడిగాను.

"డ్యూటీలోనే. నైట్ షిఫ్ట్. తెల్లారగట్ల క్యాంటీను రేడియోలో సెప్పారు."

అప్పుడర్థమైంది. ప్లాంటులో నైట్ షిఫ్ట్ రాత్రి పదింటికి మొదలైతే, పొద్దున్న ఆరింటి దాకా అంతా ముందురోజు తారీఖే. పన్నెండు కొట్టగానే లోకమంతా తారీఖు మార్చుకుంటుంది, లాగ్‌బుక్ మార్చుకోదు. నాన్న పాటల చరిత్రనంతా ఆ లెక్కనే రాశాడు. నన్నూ అలాగే రాశాడు. నేను పుట్టింది తెల్లవారుజామున నాలుగింటికి, కబురు ఫోనులో కంట్రోల్ రూముకే వెళ్లింది. ఫర్నేసు రీడింగుల కింద కూడా "అమ్మాయి, నార్మల్" అని రాసి సంతకం పెట్టాడట.

ఈ సంగతంతా గ్రూపులో రాశాను. ఇక చూడాలి. క్యాంప్ 2లో ఉండే క్రేన్ ఆపరేటరు ఒకాయన అందుకున్నాడు: "నైట్ హాజిరీ ఏ తారీకున పడీది? ముందురోజుదే గదేటి! మావోడు రాసిందే కరెక్ట్." ఇంకొకాయన: "ఆఫీసరు గారిది ఉద్యోగమంతా పగటిపూట జనరల్ షిఫ్టే. ఆరికేటి తెలుస్తాది, పాపం."

ఇంజనీరు గారికి రోషం వచ్చింది. "ప్లాంటు తారీఖు హాజరుకి. చావు పుట్టుకలకి కాదు. మీ ఇళ్లల్లో రాత్రిపూట పుట్టిన పిల్లలుంటే తల్లుల్ని అడగండి, ఏ తారీఖో చెబుతారు."

ఆయనకి తెలియక అన్నాడు. గ్రూపులో సగం మందికి మా ఇంటి తగువు తెలుసు, జిలేబీ పాయసం రెండూ తిన్నవాళ్లే. మా అమ్మ ఒక్క మాట అంటే చాలు, పుస్తకం పని అయిపోయినట్టే. నలభై ఏళ్లుగా ఆవిడ అంటూ వస్తున్నదీ ఆ మాటే.

నేను నాన్నకి పైకి చదివి వినిపిస్తున్నదంతా విని, అమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "ఇలాగియ్" అని ఫోను లాక్కుంది. ఆవిడకి టైపు చేయడం రాదు, మాట రికార్డు చేయడం వచ్చు.

"బాబూ, గుంటని కన్నది నాను. నైట్ షిఫ్ట్‌లోనే పుట్టింది. ఆయన పుస్తకంలో ఉన్న తారీకే తారీకు."

ఫోను బల్ల మీద బోర్లించి లోపలికెళ్లిపోయింది. నలభై ఏళ్లు వాదించిన నాన్నకి గెలిచాక ఏం చేయాలో తెలియలేదు. నాకైతే ఏడుపొచ్చింది.

కాసేపటికి ఇంజనీరు గారు రాశారు: "అమ్మగారు చెప్పాక ఇంటర్నెట్ ఎంత! రేపటి పేజీ కోసం ఎదురుచూస్తాను." నాన్న దాన్ని నాచేత రెండుసార్లు చదివించుకుని, రేపటి పేజీ తెరిచి కళ్లజోడు పెట్టుకున్నాడు.

నేను వంటింట్లోకి వెళ్లాను. "అయితే అమ్మా, ఇక మీదట నాకు ఒకటే పుట్టినరోజా?"

"అది గ్రూపుకి సెప్పిన మాట" అంది అమ్మ, వెనక్కి తిరక్కుండానే. "పాయసం రేపే."

గొంతు తగ్గించి కూడా అనలేదు. ముందుగదిలోంచి కాదంటూ నాన్న జవాబు తప్పకుండా వస్తుందని ఆగాను. ఎప్పుడూ వచ్చేదే.

"పలాస జీడిపప్పు ఉంది గదా" అన్నాడు నాన్న. "రేపు అందులో ఎయ్యి."