బావగారు విప్పని ఫిల్టర్ డబ్బా

నిన్న పొద్దున పెట్రోలు బంకు పక్కన ఆగి ఉండే పొల్యూషన్ వ్యాను దగ్గర నా కారు మళ్ళీ తప్పింది. ఇరవయ్యేళ్ళ డీజిల్ కారు. పదిహేనేళ్ళు నిండినప్పుడు ఒకసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నాను, ఇప్పుడు ఆ అయిదేళ్ళూ అయిపోయాయి. పొగ సర్టిఫికెట్ లేనిదే ఆఫీసులో మన కాగితం ముట్టుకోరు. వ్యాను అతను సైలెన్సర్ గొట్టంలో పైపు దూర్చి, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కమన్నాడు. తొక్కాను. అద్దంలో చూస్తే వెనకాల రోడ్డు కనపడలేదు. పక్కన టీ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళు గ్లాసుల మీద అరచేతులు మూసుకుని నా వంక అదోలా చూశారు. "పాస్ అవ్వలేదండి. ముందు ఎయిర్ ఫిల్టర్ చూపించుకోండి సార్, తర్వాతే ఇంకేదైనా" అన్నాడతను, కంప్యూటరు మీంచి తల ఎత్తకుండా. పాపం, అతను మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. అయిదేళ్ళ క్రితం మా బావగారు నాతో అన్నదీ ఈ మాటే. ఆయన్ని నేను ఆ డబ్బా విప్పనివ్వలేదు.

బావగారంటే మా అక్క భర్త. నల్లపాడులో రైల్వే స్టేషనుకి వెళ్ళే దారిలో ఆయనకి ఒక రేకుల షెడ్డు ఉండేది. డీజిల్ మెకానిక్. ట్రాక్టర్లు, ఆయిలింజన్లు, మిర్చి లోడ్లు తోలే మినీ లారీలు ఆ షెడ్డు ముందు బారులు తీరేవి. బోర్డు లేదు, ఎవరూ అడిగిందీ లేదు. చదువు ఎనిమిదితో ఆగిపోయింది. నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి కాబట్టి ఆయనకి నేనంటే కొంచెం గౌరవం, నాకు ఆయనంటే, నిజం చెప్పాలి గనక చెబుతున్నాను, కొంచెం చిన్నచూపు. పైకి "బావగారూ, మీరు" అనేవాణ్ణి. ఆయన ఇంజను ముందు నిలబడితే మాత్రం ఆ చిన్నచూపు నిలిచేది కాదు. జేబులోంచి తెల్ల గుడ్డముక్క తీసి సైలెన్సర్‌కి అడ్డం పెట్టేవారు. అంటిన మసిని రెండు వేళ్ళ మధ్య రాసి చూసేవారు. పొడిగా రాలితే ఒక జబ్బు, జిడ్డుగా అంటుకుంటే ఇంకో జబ్బు. "పొగ నీలంగా వస్తే ఇంజనాయిల్ తాగుతోందని లెక్క. తెల్లగా వచ్చి ఎంతకీ పోకపోతే నీళ్ళు దిగుతున్నాయని. నల్లగా వచ్చిందనుకో, డీజిలన్నా ఎక్కువవ్వాలి, గాలన్నా తక్కువవ్వాలి. అంతేరా, దీనికేముంది" అనేవారు. పంపు సెట్ చేసేటప్పుడు మాత్రం మాట్లాడేవారు కాదు. ఇంజనుకి ఎంత డీజిల్ అందాలో చూసుకునేది ఆ పంపే. స్క్రూ మీద వెంట్రుకవాసి తిప్పి, చెవి ఒగ్గి, మళ్ళీ తిప్పేవారు. చుట్టుపక్కల పాతిక ఊళ్ళ ట్రాక్టర్లు ఆ చేతి కోసం వచ్చేవి. పంపు పని చేసిన రోజు ఆయన అన్నం తినే పద్ధతే వేరుగా ఉండేదని మా అక్క నవ్వుతూ చెప్పేది, రెండోసారి పెరుగు అడిగేవారట.

ఆ ఏడు ప్రత్తిపాడు దగ్గర మా పొలంలో మిరప బాగా కాసింది. కాలేజీకి సెలవు పెట్టి రోజూ కల్లానికి వెళ్ళేవాణ్ణి. మిరపకాయలు ఎండబోసి, తొక్కి, టిక్కీ బస్తాలకి ఎత్తే రోజుల్లో మా వైపు గాలిలో ఉండేది గాలి కాదు, కారం. ఎవరిని చూసినా ముక్కుకి తడి తువ్వాలు కట్టుకునే ఉంటారు. ఇళ్ళల్లో కిటికీలకి తడి గోనెలు వేలాడదీస్తారు, కార్లున్నవాళ్ళు లోపలికి గాలొచ్చే సందులకి తడి గుడ్డ కుక్కుతారు. ఒకరోజు మా ఆవిడ కల్లం దగ్గర కారెక్కి, గుంటూరు చేరేదాకా తుమ్ముతూనే ఉంది. మర్నాడు నేను బానెట్ ఎత్తి చూశాను. బ్యాటరీ పక్కన ఒక నల్లటి గొట్టం నోరు తెరుచుకుని కనిపించింది. కారు లోపలికి గాలి పోయే దారి ఇదేనని తేల్చేసి, ఒక పాత తువ్వాలు తడిపి అందులో పైకి కనపడనంత లోపలికి దోపాను. అది ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి వెళ్ళే గొట్టం, ఇంజను ఊపిరి పీల్చుకునేది దాంట్లోంచే. ఆక్సిజన్ లేనిదే ఏదీ సరిగా మండదని ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి బోర్డు మీద రాసి చెప్పిన పెద్దమనిషిని నేను.

వారం తిరక్కుండా కారు నల్లగా కక్కడం మొదలుపెట్టింది. ఎక్కుడు రోడ్డు వస్తే మూలిగేది. సరిగ్గా అప్పుడే రిజిస్ట్రేషన్ పొడిగింపు వచ్చిపడింది, పొగ పరీక్షలో తప్పింది. నల్లపాడు తీసుకెళ్ళాను. బావగారు గుడ్డ పెట్టి చూశారు. మసి పొడిగా రాలింది. "గాలి అందట్లేదురా. ముందు ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పుదాం" అన్నారు. "అది సీజన్ ముందే మార్పించాను బావగారూ, కొత్తది. అక్కర్లేదు" అన్నాను. అబద్ధం కాదు, ఫిల్టర్ కొత్తదే. ఇంకో మనిషి బండయితే ఆయన ఆ మాట లెక్కచేయకుండా విప్పేసేవారు. కానీ నేను ఆయన భార్య తమ్ముణ్ణి. బావమరిది ఒక మాట చెప్పాక, అతని కళ్ళ ముందే దాన్ని తనిఖీ చేయడం మా ఇళ్ళల్లో మర్యాద కాదు. అందుకని పంపు విప్పారు. రోజంతా కూర్చుని సెట్ చేశారు. పొగ తగ్గలేదు. మూడో రోజు మళ్ళీ వెళ్ళాను. "ఒక్కసారి ఆ డబ్బా..." అని నసిగారు. "చెబుతున్నాను కదండీ!" అన్నాను. మళ్ళీ పంపే విప్పారు. మళ్ళీ అదే పొగ.

అప్పుడు షెడ్డులో అయిదారుగురు రైతులున్నారు. వాళ్ళందరి ముందూ నా నోట్లోంచి ఏమొచ్చిందో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "చేతగాకపోతే చేతగాదని చెప్పాలి! బాగున్న పంపుని పాడుచేశావ్. అక్క మొగుడివని తెచ్చానే, నాదీ బుద్ధి తక్కువ." ఒక రైతు, "ఏందయ్యా, పెద్దాయన్ని పట్టుకుని అట్టా మాట్టాడతావ్?" అని నా మీదికి లేచాడు. బావగారే అతన్ని ఆపారు. చేతులు కిరసనాయిల్లో కడుక్కుంటూ, "మా వాడేలే. కంపెనీ వర్క్‌షాపులో చూపించుకోరా, వాళ్ళ దగ్గర కంప్యూటర్లుంటాయి" అన్నారు.

చూపించాను. ఫోర్‌మన్ బానెట్ ఎత్తాడు, గొట్టంలో వేలు పెట్టాడు, నా తువ్వాలు బయటికి లాగాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు. "మీదేనాండీ?" అన్నాడు. నవ్వాపుకోడానికి పాపం చాలా కష్టపడ్డాడు. తర్వాత కారు తొక్కి చూసి, "పంపు ఎవరు సెట్ చేశారో గానీ మంచి చెయ్యి సార్ అది. దాన్ని ముట్టుకోవద్దు" అన్నాడు. ఆ సాయంత్రమే పరీక్షలో పాసయ్యాను. అటునుంచి అటే నల్లపాడు వెళ్ళి ఉండాల్సింది. వెళ్ళలేదు. ఆదివారం వెళదామనుకున్నాను. ఆదివారానికి సిగ్గు ఇంకాస్త పెరిగింది.

నెల తర్వాత మా చుట్టాలింట్లో గృహప్రవేశంలో కనిపించారు. నా మీద కోపం లేదు, అదే నన్ను చంపింది. పక్కకి పిలిచి, "ఇంతకీ పంపులో ఏం చేశార్రా వాళ్ళు?" అని అడిగారు. నేర్చుకుందామని అడిగారు, అంతే. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఇక రాదు. చుట్టూ చుట్టాలు కూర్చుని ఉన్నారు, నేను లెక్చరర్‌ని. "ఏదో మార్చారు బావగారూ, నాకు అంత తెలీదు" అన్నాను. ఆయన తలూపారు. "అదీ నిజమేలే, నాకు అందని జబ్బే అయ్యుంటుంది" అన్నారు. ఆ తర్వాత పంపు పనికి ఎవరొచ్చినా విజయవాడ పంపించేవారని విన్నాను. ఆయిలు మార్చడం, బెల్టులు వేయడం మాత్రం చేసేవారు. ట్రాక్టర్లు తగ్గిపోయాయి. రెండేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం షెడ్డులోనే గుండె ఆగి పోయారు. పాడె మోసిన నలుగురిలో నేనూ ఉన్నాను.

నిన్న వ్యాను దగ్గర్నుంచి ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. నల్లపాడు వెళ్ళి, వాకిట్లో చింతపండు ఈనెలు తీస్తున్న అక్క ముందు కూర్చుని మొత్తం చెప్పేశాను. తువ్వాలు, ఫోర్‌మన్ అన్న మాట, గృహప్రవేశంలో నేనాడిన అబద్ధం, అన్నీ. అక్క చేస్తున్న పని ఆపలేదు. ఈనె ఒకటి లాగి పడేసి, "మీ బావ పొద్దున్నే లేచి చేతులు చాపి చూసుకునేవాడ్రా" అంది. "వణుకుతున్నాయా చూడవే అనేవాడు. లేదయ్యా అంటే నమ్మేవాడు కాదు. చేతిలో పస పోయిందే, బావమరిది కారే బాగుచెయ్యలేకపోయా అనేవాడు." చేట పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. "ఒక్క మాటేగా. అప్పుడు చెప్తే ఏం పోయేదిరా నీకు?"

ఏమీ పోయేది కాదు. ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు అయిదేళ్ళు పట్టింది, వినాల్సిన మనిషికి ఉన్నవి మూడేళ్ళే.