రెండు ఎడమ చక్రాలు

ముప్పై ఏళ్లు కర్మాగారంలో ఇతరుల తప్పులు పట్టి జీతం తీసుకున్నవాణ్ణి, నా ట్రాక్టర్‌కి రెండు ఎడమ చక్రాలు ఏరికోరి కొనుక్కొచ్చాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఇంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకోటుంది, దానికి కాస్త ధైర్యం కూడగట్టుకోవాలి.

కొలవడమే నా కొలువు. మా నాన్న కోస్తా నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చారు. నేను అదే గేటులోంచి వెళ్లి తనిఖీ విభాగంలో కూర్చున్నాను. వచ్చిన ప్రతి ముక్కనూ వెర్నియర్‌తో కొలిచి, బాగుంటే సుద్దముక్కతో సున్నా చుట్టి, లోపల ‘ఓకే’ రాసి, పక్కన పొడి అక్షరాల సంతకం పెట్టడం నా పని. రిటైరయ్యాక సంగారెడ్డి అవతల ఎకరన్నర జామతోట, దానికో పాత చిన్న ట్రాక్టర్ కొనుక్కున్నాను.

మా తోట పక్కన రెండెకరాల పత్తి. ఆ రైతు తాతల కాలం నుంచీ అక్కడివాడే, ఇప్పుడు కాజీపల్లిలో మందుల ఫ్యాక్టరీకి షిఫ్టుల మీద వెళ్తాడు. మా ఇద్దరి మధ్య ఒక ఏర్పాటుంది. నా జామచెట్ల డ్రిప్పు పైపులు అతను చూసుకుంటాడు. అతని పత్తి సాళ్ల మధ్య కలుపు పోయేలా గుంటుక కొట్టడానికి నా ట్రాక్టర్ వెళ్తుంది. సాళ్ల మధ్య పట్టేంత చిన్న బండి ఆ చుట్టుపక్కల అదొక్కటే.

బరువు కోసం వెనక టైర్లలో నీళ్లు నింపుతారు. పాత యజమాని నింపిన నీళ్లు ఊరి ఊరి రిమ్ములను తినేశాయి. ఈ వానాకాలం చూస్తే అవి అప్పడాల్లా పెళుసెక్కి ఉన్నాయి. అప్పటికే పక్కాయన గుంటుక కోసం నాలుగు రోజులు సెలవు పెట్టుకున్నాడు. ముత్తంగిలో పాత సామాన్ల దుకాణానికి తనూ వస్తానన్నాడు. కొలతల పని నాకు వదిలేయమన్నాను. అన్న తీరు కూడా బాగాలేదు.

దుకాణాదారు నన్ను చూడగానే కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, ‘ఇంజినీర్ సాబ్’ అన్నాడు. నేనెప్పుడూ ఇంజినీర్ని కాను. ఆ సంగతి చెప్పడానికి నోట్లో చాయ్ అడ్డమొచ్చింది. జేబులోంచి వెర్నియర్ తీశాను. బోల్టు రంధ్రాలు, నడిమి రంధ్రం, రిమ్ము వెడల్పు, అన్నీ కొలిచాను. రెండు చక్రాలకూ వెంట్రుకవాసి తేడా లేదు. తేడా లేకపోవడమే తేడా అని తట్టలేదు. టైరు పక్కన, తిరిగే దిశ చూపే బాణం గుర్తు కనిపిస్తే కంపెనీ ముద్ర అనుకున్నాను. చేతికి అలవాటైన పని కదా, సున్నా చుట్టి, ఓకే రాసి, సంతకం కూడా పెట్టాను.

తోటలో రెండూ బిగించి, వెనక్కి నడిచి చూసుకున్నాను. వెనక నుంచి చూస్తే టైర్ల మీది వాలు గట్లు రెండువైపులా పైకి బాణం మొనలా కనిపించాలి. రిమ్ము ఒకవైపే బిగుస్తుంది కనుక నావి ఒకటి పైకి, ఒకటి కిందికి. రెండూ ఎడమవే అయినందుకు ఒకదానికొకటి ఎడమొహం పెడమొహంగా నిలబడ్డాయి. దున్నేటప్పుడు ఒకటి మట్టిని పడుతుంది, ఒకటి జారుతుంది.

మర్నాడు ఆటోట్రాలీలో ఒకదాన్ని వేసుకుని దుకాణానికి వెళ్లాను. ఆయన చక్రం వైపు చూడనేలేదు, సుద్దరాత మీద వేలు పెట్టాడు.

“మీరే ఓకే రాస్తిరి గద సాబ్. మీ సైన్ గిట్ల ఉన్నంక నేనెట్ల వాపస్ తీస్కుంట?”

నేనైనా కర్మాగారంలో ఆ మాటే అనేవాణ్ణి.

ఇక అసలు సిగ్గు. తిరిగొచ్చి రెండో చక్రం కూడా విప్పి, రెంటినీ షెడ్డు పక్కన పెట్టి టార్పాలిన్ కప్పేశాను. పక్కాయన వచ్చి చక్రాలు దొరికాయా అని అడిగితే, సైజు దొరకలేదని చెప్పాను. మర్నాడూ అదే చెప్పాను. ఆ రెండు రోజులూ అతనూ భార్యా పత్తిలో వంగి చేత్తో కలుపు తీశారు. జామచెట్ల సందులోంచి వాళ్ల వీపులు కనిపిస్తుంటే, నేను మాత్రం తలెత్తకుండా లేని పనులు చేసుకున్నాను.

అతని సెలవులో నాలుగో రోజు సాయంత్రం మబ్బు పట్టింది. ఎరువు బస్తాలు తడుస్తాయని పక్కాయన భార్య టార్పాలిన్ అడగడానికి వచ్చింది. నేను షెడ్డులోంచి బయటికొచ్చేలోపు తనే లాగింది.

“సైజు దొర్కలేదంటిరి గద సారూ” అంది. అంతే. కోపంగా కూడా అనలేదు.

భర్తను కేకేసింది. అతనొచ్చి రెండు టైర్లనూ చూశాడు, సుద్దరాత చదివాడు, విషయం అర్థమైంది.

“గింతేనా సారు? ఒక్క టైరు రిమ్మునుంచి ఇప్పి, తిప్పి ఎక్కిస్తె అయిపోతుండె. పంచరాయన పూటల చేసిపెడ్తుండె.” తర్వాత కాసేపు తన చేతులు చూసుకున్నాడు. “నా లీవే అయిపాయె.”

క్షమించమని అడగడానికి మాటలు కూడబలుక్కుంటుంటే, వాన పడుతుందని వాళ్లిద్దరూ టార్పాలిన్ పట్టుకుని వెళ్లిపోయారు.

పంచరాయన నిజంగానే పూటలో తిప్పిపెట్టాడు. నేల ఆరాక మిగిలిన ఎకరం నేనే గుంటుక కొట్టాను. ఆవిడ ముందు నడుస్తూ, నా చక్రం మొక్కల మీదికి పోకుండా వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంది. నా తనిఖీకి తనిఖీ అన్నమాట. కాదనే అర్హత నాకు లేదు.

గుంటుక అయ్యేసరికి పాత బోల్టులు అరిగి వదులవడంతో, వేరేవాటి కోసం పక్కాయన వారపు సెలవు రోజున ఇద్దరం ముత్తంగి వెళ్లాం. దుకాణం గోడకు ఆనించిన చక్రాలన్నిటి మీదా సున్నా, లోపల ఓకే, పక్కన నా సంతకం. దుకాణాదారు నాకంటే అందంగా పెట్టాడు. నా కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఆయన ఎదుట రెండు చక్రాలు.

“ఫికర్ చెయ్యకు పటేలా, పెద్ద ఇంజినీర్ సాబ్ చెక్ చేసిండు” అంటూ తలెత్తి నన్ను చూశాడు దుకాణాదారు. ఏమాత్రం తడబడకుండా “గీ సారే” అన్నాడు.

పక్కాయన నా చెవి దగ్గరికి వంగాడు. “ఇన్ని పాస్ చేసిండ్రా సారు?”

జేబులోంచి సుద్దముక్క తీశాను. ఒక్కో చక్రం దగ్గరా ఆగి, గట్లు ఎటు వాలాయో చూసి, ఓకే కింద ‘ఎడమ’ అనో ‘కుడి’ అనో రాసుకుంటూ వచ్చాను. బరువువి పక్కాయన లేపి పట్టుకున్నాడు.

“గదేంది సాబ్, ఏం రాస్తున్నరు?”

“ఆ రోజు తనిఖీ సగంలో ఆపేశానండీ. పూర్తి చేస్తున్నాను” అన్నాను.

పెద్దాయన ముందున్న రెంటి మీదా ‘ఎడమ’ అనే రాయాల్సి వచ్చింది. ఆయన ఒకదాన్నీ ఇంకోదాన్నీ చూసి, చాయ్ గ్లాసు కింద పెట్టి, కుడిది చూపించమంటూ లేచాడు. దుకాణాదారు వెతకడానికి లోపలికి వెళ్లాడు.

బోల్టులు తీసుకుని బయల్దేరుతూ, ఖాళీ అయిన ఆ కుర్చీ వీపు మీద సున్నా చుట్టి, లోపల ఇంటూ కొట్టాను. ఈసారి సంతకం పెట్టలేదు.