కందులు ఏరించిన మా పెద్దమ్మ

మొన్న పొద్దుగాల పాసింజరుకు తాండూరు నుంచి మా పెద్దనాయిన కాడ పనిచేసే మనిషి వచ్చిండు. వాకిట్ల నిలబడి, తలకు చుట్టిన తువ్వాల తీసి చేతుల పట్టుకున్నడు. అది చూసి మా అమ్మ "ఎవలు?" అన్నది. "పెద్దమ్మగారమ్మా. తెల్లారంగ పానం పోయింది" అన్నడు. మా నాయినకు సొంత వదినె, మాకు పెద్దమ్మ, ఇగ లేదని మాకు అట్ల తెలిసింది.

నేను అప్పుడు బిడ్డనెత్తుకొని వికారాబాదుల మా తల్లిగారింట్లనే ఉన్న. నాకు వెంటనే ఏడుపు రాలేదు. దసర దగ్గరికొచ్చె, ఈసారి పిల్లల్ని ఎవలు పడుతరు అన్న ఆలోచన వచ్చింది. గా మాట మనసుల అనుకొని సిగ్గుపడ్డ. కాని నిదానంగ ఆలోచిస్తె, ఆమెకు ఆ మాట తప్పుగ తోచేది కాదేమో.

దసరకు మా ఖాందాన్ మొత్తం తాండూరుల పెద్దనాయిన ఇంట్ల చేరేది. కంది వ్యాపారం ఇల్లు, పెద్ద వాకిలి, లోపలంత నున్నటి బండలు. ఆడోళ్లు బతుకమ్మ పేర్చుడు, గారెలు, మలీద ముద్దలు, ఆ పనుల్ల మునిగేది. మొగోళ్లకు ముచ్చట్లే పని. ఇగ మిగిలిన పిల్లల మందను పెద్దమ్మకు ఒప్పజెప్పేది. ఆమెకు సంతానం లేదు గదా, చెయ్యి ఖాళీ అని అందరి లెక్క. ఆమెను అడిగినోళ్లు లేరు.

నిజం చెప్తున్న, ఆమెకు లొల్లి అంటె పడది. పిల్లల్ని ముద్దు చేసుడు, ఒళ్లె కూసోబెట్టుకునుడు ఎన్నడు చూడలేదు. ఆమె పుట్టిల్లు సేడం దిక్కు, కోపమొస్తె కన్నడం వచ్చేది. "సుమ్నిరు!" అని ఒక్క కేక వేసేది, అంటె నోరు మూసుకొమ్మని. మిగతా తిట్లు మాకు తెల్వకపోయేది, గందుకే ఎవలం బాధపడకపోయేటోళ్లం.

ఆమె ఉపాయాలు ఆమెకు ఉండె. గునుగుపూలకు రంగులద్దే పని మాకు పెట్టేది. వారం రోజులు మా చేతులు పచ్చగ, గులాబిగ ఉండేవి. బండల మీద బొగ్గుతోని అష్టాచెమ్మ గళ్లు గీసేది. అవన్ని అయిపోయి మేము ఒకల మీద ఒకలం పడి కొట్టుకునే యాళ్లకు ఇంత పెద్ద చాట తెచ్చి నడుమ పెట్టేది. దాంట్ల కందులు, పెసర్లు కలిసి ఉండేవి. "పెసర్లు ఇటు, కందులు అటు. ఎవలు బాగ ఏరితె వాళ్లకు మొదటి గారె." ఇల్లు సప్పుడు లేకుంట అయ్యేది.

ఒకనాడు మా చిన్నాయిన కొడుకు గింజను ఎగాదిగా చూసి "పెద్దమ్మా, ఇవి నిన్న ఏరినయే గదనే?" అని పట్టుకున్నడు.

"అయితె?" అన్నది పెద్దమ్మ.

"మళ్ల కలిపినవా?"

"కలుపుత. కందులకు ఏం ఎరుక ఎవలు ఏరిండ్రో? ఏరు."

వాడు తలొంచుకొని ఏరిండు. మేమందరం ఏరినం. "పిల్లలకు పని దొరుకకపోతె పెద్దలకు పని దొరుకుతది" అని ఆమె మా తల్లులతోని అనేది. మీ ఇంట్ల పండుగ నాలుగు దినాలు పిల్లల్ని పట్టిన మనిషి ఎవలన్న ఉంటె, ఆ మాట ఎంత నిజమో మీకు తెలుస్తది.

నాకు ఏడేండ్లున్న దసరకు మాత్రం ఆమె తీరు మారింది. పొద్దుగాల నన్ను దగ్గర కూసోబెట్టుకొని జడ వేసేది. "నీకు జొన్నరొట్టె ఇష్టమా, బువ్వనా?" అని అడిగేది. "ఒక్కదానివి పంటె భయమైతదా?" అని అడిగింది. నేనేమో నా మీద పేమ కలిగిందని మురిసి, తక్కినోళ్ల ముందట మస్తు పోజు కొట్టిన. అసలు సంగతి నాకు మొన్నమొన్న, నా బిడ్డ పుట్టినంక మా అమ్మ చెప్పింది.

ఆ యేడు నన్ను పెద్దమ్మకు సాదుకోనికి ఇయ్యాలని పెద్దోళ్లు అనుకున్నరట. మా అమ్మకు మేము ముగ్గురం ఆడపిల్లలం, నేను నడిపిదాన్ని. మా నాయినమ్మ ముందుగాల మొగపిల్లగాన్ని తీసుకొమ్మన్నదట. "ఆడపిల్ల అయితె నాకు మాట్లాడ తోడుంటది" అని పెద్దమ్మ నన్నే ఇయ్యమని అడిగిందట. మా అమ్మ కాదనలేదు, అవుననలేదు. నా లంగాలు, జాకెట్లు అన్ని వేరే మూటల కట్టుకొని తెచ్చిందట. జమ్మి పెట్టుకునుడు అయినంక నలుగుట్ల చెప్పాలని, పండుగ ఒడిసినంక నన్ను ఆడ్నే ఉంచి పోవాలని మాట.

పండుగనాటి పగలు మేము వాకిట్ల దాగుడుమూతలు ఆడుతున్నం. నేను గోడకు పేర్చిన బండల మీదికెక్కి జారి పడ్డ. మోకాలు పగిలింది. పెద్దమ్మ నాకు రెండు చేతుల దూరంలనే ఉన్నది. గొంతుక్కూసొని చేతులు చాపి "దా బిడ్డా, దా" అన్నదట. నేను ఏడ్సుకుంట ఆమె పక్కపొంటి ఉరికి, వాకిలి దాటి, వంటింట్ల గారెలు కాల్చే మా అమ్మ కొంగుల దూరిన. నాకైతె కాలిన నూనె వాసన, గాయం మీద పసుపు మంట, అంతే యాది. మా అమ్మకు తలుపుల నుంచి కనబడిందట, పెద్దమ్మ చాపిన చేతులు ఇంక చాపినట్లే ఉన్నయని.

మాపటికి జమ్మి చేతుల్ల పెట్టుకొని, పెద్దోళ్ల కాళ్లు మొక్కుడు అయింది. నాయినమ్మ గొంతు సవరించుకొని మాట ఎత్తబోయింది.

"వద్దత్తా" అన్నది పెద్దమ్మ.

"ఏం వద్దే?"

"పిల్ల వద్దు."

"గిదేందే! నువ్వే గదనే అడిగినవు? పోరి నచ్చలేదా?"

"నచ్చింది."

"మరేం రోగం?"

పెద్దమ్మ మా అమ్మ దిక్కు తిరిగింది. "చెల్లె, దెబ్బ తగిల్తె ఎవల కాడికి ఉరుకుతదో పిల్ల వాళ్లదే. పండుగకు తోలియ్యి, నాకు చాలు" అన్నదట. నాయినమ్మ మస్తు కోపం చేసింది. పెద్దనాయిన బయటికి పోయి కూసున్నడట. మా అమ్మ ఆ వారంల మొదటిసారి ఏడ్సింది, సంతోషానికో సిగ్గుకో తనకే తెల్వదని చెప్పింది. ఆమె నన్ను వద్దన్నందుకు నేను ఇయ్యాల ఆమెకు మొక్కుతున్న. ఆ మొక్కు మొక్కెతందుకు మనిషి లేకపోవుడే నాకు దుఃఖం.

తెల్లారి నాకు బాగ యాదున్నది. మా బండికి ఇంక మస్తు టైమున్నది, పండుగ అయిపోయింది, మేము ఇల్లు పీకి పందిరేస్తున్నం. పెద్దమ్మ వెనుక అర్రల నుంచి ఒక చిన్న మంచం వాకిట్లకు ఈడ్సుకొచ్చింది. నా అంత మంచం, కొత్త నులక, ఎవలూ పండని మంచం. పెద్దనాయిన నాల్గు దినాల కింద అల్లిండట. ఆమె ఒక మూల కూసొని ఆ నులక మొత్తం విప్పింది. పేటలు కలిపి పేని, కొట్టం దూలానికి ఉయ్యాల కట్టింది. మేము ఎగిరినం, దుంకినం. నేను మళ్ల మళ్ల ముందుకు చొరబడుతుంటె "నీ వరుస వస్తది, ఆగు" అన్నది, అందరితోని అన్నట్లే.

మా తల్లులు ఎదురుంగ అరుగు మీద కూసొని మూటలు కట్టుకుంటున్నరు. పెద్దమ్మ ఉయ్యాల వెనుక నిలబడి ఉన్నది. ఊగి తన దగ్గరికొచ్చిన ఒక్కొక్క వీపుకు అరచెయ్యి ఆనిచ్చి, మళ్ల మా తల్లుల దిక్కు తోసింది.