మా జలాంతర్గామి ఇంజన్ మల్లేశం

మా చిన్నప్పుడు... మందమర్రి బొగ్గుగని క్వార్టర్ల వెనక తుప్పుపట్టిన బాయిలర్ మీద నిలబడి మా కెప్టెన్ ఒట్టు వేశాడు. "మీరందరు బయటపడ్డంకనే నేనొస్త. మా అవ్వ తోడు!" ఆ ఒట్టు సాయంత్రం దాకా కూడా నిలవలేదు...

ఆ బాయిలరే మా జలాంతర్గామి. యుద్ధం రోజులు... రేడియోలో విన్న మాట అది. పైన మనిషి దూరేంత కంత, దానికి ఇనుప మూత. మా బాపులు గనిలో దిగేముందు హాజరు పలికినట్టే మేమూ పేరు, పని చెప్పి దిగేవాళ్లం. నాది చెవి పని... ఇనుముకు చెవి ఆనించి శత్రువు అడుగులు వినాలి. మల్లేశం ఇంజన్. వాడు లోపలి గోడను రాయితో కొడుతుంటే నిజంగానే కదులుతున్నట్టుండేది. కెప్టెన్ రాకపోతే ఇంకొకణ్ణి పెట్టుకునేవాళ్లం. మల్లేశం రాకపోతే ఆట బంద్.

ఆ రోజు పక్క లైను క్వార్టర్ల పోరగాళ్లు వస్తున్నారని నేనే చెప్పాను.

"ఇంజన్ ఆపకురా మల్లిగా!" కెప్టెన్ అరిచాడు.

"సస్తే ఆప!"

రాళ్లు పడ్డాయి... బయట ఇనుము మీద పడే రాయి లోపలివాడికి తలలో పడుతుంది. నా చెవిలోంచి రక్తం కారింది. వాళ్లు దగ్గరికొచ్చేసరికి కెప్టెన్ నా భుజం తొక్కి పైకెక్కాడు. "లోపలున్నరు, పట్టుకోండ్రి!" అని వాళ్లకు మమ్మల్ని అప్పగించి, మూత దబ్బున వేసి ఉరికాడు. వాడి వెనకే ఎక్కుతున్న మల్లేశం చెయ్యి కంత అంచు మీద ఉంది...

చీకట్లో నా మొహం మీద వెచ్చగా పడింది. ఆ అరుపు విని మూత ఎత్తింది శత్రువులే. వాళ్లలో పెద్దవాడు మల్లేశాన్ని భుజాన వేసుకుని దవాఖానకు పరుగెత్తాడు. దారిలో మల్లేశం వాణ్ణి అడిగిందొక్కటే... "అన్నా, మా కెప్టెన్‌ను గిట్ట కొట్టిండ్రా?"

రెండు వేళ్లు తీసేశారు. "మల్లిగాడే మూత ఏసుకున్నడు" అన్నాడు మా కెప్టెన్, పెద్దల ముందు. వాడి తండ్రి గనిలో ఓవర్‌మన్... మల్లేశం బాపు ఆయన కింద కూలీ. నా మాట ఎవరు వింటారు? ఆ బాపు కట్టున్న చెయ్యి వదిలి, మిగతా ఒళ్లంతా బెల్టుతో చీరేశాడు. పెద్దయ్యాక గనిలో వారసుడిగా బాపు నౌకరీ కోసం పోతే, ఆ చెయ్యి చూసి మల్లేశాన్ని వెనక్కి పంపారు.

ఇప్పుడు కరీంనగర్‌లో మా మనుమడు కంప్యూటర్‌లో జలాంతర్గామి నడుపుతాడు. లోపలివాళ్లు చచ్చిపోతున్నా బిస్కెట్ తింటూనే ఉంటాడు.

"బొమ్మలే గద తాతా! పేర్లు, ఫొటోలు పెడితే జర మనుషుల లెక్క అనిపిస్తరని గేమ్ చేసేటోళ్లను ఆడేటోళ్లంత అడుగుతున్నరు."

"పేరుతోటి ఏం గాదు బిడ్డా. వాడు లేకుంటే పడవ కదలొద్దు. నువ్వు మూతేస్తే ఎవని చెయ్యి నలిగిందో నీకు ఇనవడాలె."

"గట్లయితే గా గేమ్ ఎవడాడతడు తాతా?" అన్నాడు.

నిజమే... కెప్టెన్లకు అది ఇష్టముండదు. పోయిన వారం మా పాత కాలనీ వాట్సాప్ గ్రూపులో మా కెప్టెన్ ఆ బాయిలర్ ముచ్చట రాసుకున్నాడు. నాయకత్వం అక్కడే నేర్చుకున్నాడట. 'నా సిబ్బంది' అన్నాడు... మల్లేశం పేరు రాయలేదు. కింద అందరూ చప్పట్లు.

బాయిలర్ తుక్కు కింద పోయింది, ఆ లైన్లూ కూలిపోయాయి. ఇప్పటి ఆటల్లో చచ్చినవాడు మీట నొక్కితే లేస్తాడు... మా ఆటలో పోయిన వేళ్లు పోయినట్టే. మీ చిన్ననాటి ఆటల్లోనూ ఇలాంటి కెప్టెన్ ఉంటే మొహమాటపడకండి, పేరు పెట్టి రాయండి.

నేను రాస్తున్నాను... మా కెప్టెన్ పేరు రాజేశం, ఓవర్‌మన్ కొడుకు.