అంగట్లో ఉండాడంట

దోహాలో మాలాంటివాళ్ళకు శుక్రవారం ఒక్కటే సొంత రోజు. మిగతా ఆరూ కంపెనీవి. తెల్లవారకముందే ఇండస్ట్రియల్ ఏరియాలోని మా క్యాంపు దగ్గర బస్సులో మనుషుల్ని కుక్కుకుని సైటుకు తోలడం, సాయంత్రం మళ్ళీ ఆ మనుషుల్నే కుక్కుకుని రావడం నా డ్యూటీ. శుక్రవారం పూట మాత్రం నేను కూడా ప్రయాణికుణ్ణే. ఎవరో తోలే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పొద్దున పోయి పొద్దుగూకేలోపు తిరిగి రాగలిగిన చోటికల్లా పోయేవాణ్ణి. వక్రా సముద్రం, అల్ ఖోర్ చేపల పడవలు, షహానియాలో ఒంటెల పందేల మైదానం. అరచేతంత దేశం, ఎటు పోయినా సాయంత్రానికి రూముకొచ్చి పడవచ్చు.

నాతో వచ్చేది మా రూములో పై మంచం మనిషి. షట్టరింగ్ కార్పెంటర్. జగిత్యాల వైపు పల్లె. అందరం మేస్త్రీ అని పిలిచేవాళ్ళం. అతను నన్ను డ్రైవర్ సాబ్ అనేవాడు, అందులో గౌరవం కొంచెం, వెటకారం బోలెడు. నాది కడప జిల్లా. ఇద్దరిదీ తెలుగే, కానీ మొదటి నెల మాకు రోజూ మాటల పంచాయితీయే. ఒకసారి నేను అంగట్లోకి పోయి సబ్బు తెస్తానన్నాను.

"ఇయ్యాల బేస్తారం. అంగడెక్కడిది?" అన్నాడు మేస్త్రీ.

మా వైపు అంగడి అంటే సరుకులమ్మే కొట్టు. వాళ్ళకు అంగడి అంటే వారానికోసారి జరిగే సంత. మేం అంగడి అనేదాన్ని వాళ్ళు దుకాన్ అంటారు. ఆ పంచాయితీ తేలాక నాకొక జబ్బు పట్టుకుంది. అతను ఏ మాటన్నా దాన్ని మా మాటలోకి తిప్పి, తప్పు దిద్దినట్టు అతనికే అప్పజెప్పడం. 'దుకాన్ బంద్ చేసిండు' అంటే 'అంగడి మూసినాడు అనాల' అనేవాణ్ణి. పాపం నవ్వి ఊరుకునేవాడు. నా తెలుగు గొప్పదని నాకు ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు. చిన్నప్పుడు మా అవ్వ, గొప్పకు పోతే తిప్పలురా అని నా మొహం చూసి మరీ అనేది.

మేస్త్రీకి ఒక తమ్ముడు. పెళ్ళయి నాలుగేళ్ళయింది, ఒక ఆడపిల్ల. ఏజెంటు ఇంటి పని వీసా అని చెప్పి అతన్ని ఖతార్ ఎక్కించాడు. దిగిన రోజు విమానాశ్రయం నుంచి అన్నకు ఫోన్ చేశాడు, ఎవరో తెల్ల బండిలో తీసుకుపోతున్నారని చెప్పాడు. ఆ తర్వాత ఆ ఫోన్ మోగలేదు. రెండు నెలలు. ఊళ్ళో తమ్ముడి భార్య రోజూ మేస్త్రీకే చేసేది. అక్కడివాళ్ళకు గల్ఫ్ మొత్తం దుబాయే కాబట్టి, 'నువ్వూ దుబాయ్‌లనే ఉంటివి, ఆయనా దుబాయ్‌లనే ఉండె, ఒక్కపారి చూసి రారాదు బావా' అనేది. ఎక్కడని చూస్తాడు?

ఎండలు ముదురుతున్న రోజులవి. ఒక గురువారం సాయంత్రం మేస్త్రీ స్నానాల గది ముందు క్యూలో ఉన్నాడు. అతని ఫోన్ నా మంచం పక్కన చార్జింగులో ఉండి మోగింది. తెలియని నంబరు. ఎత్తాను.

"అన్నున్నడా? నేను తమ్ముణ్ణి."

గాలి హోరు, ఏదో మోటారు చప్పుడు. అన్న స్నానానికి పోయినాడు, చెప్పమన్నాను.

"దుకాన్ల ఉన్న అని చెప్పు. అన్నకు ఎర్కనే. శుక్రారం నేను పెద్ద రోడ్డు మీదికొచ్చి కూసుంట. తప్పకుంట రమ్మను."

ఎట్లుండావని అడిగేలోపే లైను తెగింది. తిరిగి చేస్తే ఫోన్ ఆపేసి ఉంది. ఆ నంబరు తర్వాత ఎన్నిసార్లు చేసినా పలకలేదు.

మేస్త్రీ తల తుడుచుకుంటూ వచ్చాడు. శుభవార్త చెప్పేది నేను కదా, కొంచెం ఊరించి మరీ చెప్పాను. "మీ తమ్ముడు ఫోన్ చేసినాడు. అంగట్లో ఉండాడంట. నీకు తెలుసంట. శుక్రవారం పెద్ద రోడ్డు మీద కూచోనుంటాడంట, రమ్మన్నాడు."

"నిజంగనా? దుకాన్ల ఉన్నడా?" అని మంచం మీద కూలబడ్డాడు. నా అంగడి అతనికి దుకాణమని ఎప్పుడో అలవాటైపోయింది. మళ్ళీ తన మాటలోకి తిప్పుకున్నాడు. ఆ మాట అతని నోటి నుంచి వచ్చినప్పుడు కూడా నాకేమీ తట్టలేదు. "దుకాన్ల అంటే ఏసీల కూసునుడే గదా. నేనేమో ఎడారిల గొర్లకాడ పడేసిండ్రేమో అని రంది పడుతున్న." తువ్వాలుతో మొహం చాలాసేపు తుడుచుకున్నాడు. "నాకెర్కున్న దుకానా? ఏది మరి?"

పెద్ద రోడ్డు అన్నాడంటే ఊరి బయటే అనుకున్నాం. అతనికి తెలిసిన దుకాణాలు దోహా బయట మూడు. మూడూ వాళ్ళ వైపు మనుషులు పనిచేసేవే. వక్రాలో కిరాణా కొట్టు, అల్ ఖోర్‌లో చేపల వలలమ్మేది, షహానియాలో టైర్లది. మూడు చోట్లకూ ఫోన్ చేద్దామంటే ఒక్కరి నంబరూ లేదు. మరుసటి రోజే వక్రా పోదామన్నాడు. మరదలికి చెప్పమంటే ఒప్పుకోలేదు. తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వీడియోలో చూపిస్తూ చెబుతాడట. నాకూ అది బాగుందనిపించింది.

వక్రాలో కిరాణా కొట్టుకు పోతే అక్కడ నేపాలీ కుర్రాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళ వైపు మనిషి ఎప్పుడో వెళ్ళిపోయాడట. ముందున్న పెద్ద రోడ్డు మీద గంటన్నర నిలబడ్డాం. ఎవరూ లేరు. వచ్చినవాళ్ళం ఊరికే పోవడమెందుకని సముద్రం దగ్గరికి పోయాం. చేపల బిర్యానీ తిన్నాం. మేస్త్రీ ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి నీళ్ళలో నిలబడితే నేను ఫోటో తీశాను. ఇట్ల గాదు, అట్ల గాదు అని నాతో ఏడెనిమిది తీయించుకున్నాడు. తమ్ముడు బాగున్నాడన్న ధైర్యంతో నవ్విన నవ్వు అది. ఆ ఫోటో నా ఫోన్లో ఇంకా ఉంది. తీసేయడానికి చేయి రాదు, చూడడానికి ధైర్యం చాలదు.

రెండో శుక్రవారం అల్ ఖోర్. వలల దుకాణం మూసి ఉంది. పక్కవాణ్ణి అడిగితే నమాజు తర్వాత తీస్తారన్నాడు. తీసేదాకా పడవల నీడలో పడుకున్నాం. అక్కడా లేడు. తిరుగు బస్సులో నేను విసుక్కున్నాను. "సరిగ్గా చెప్పి చావచ్చు కదా మీ వాడు. యా అంగడో చెప్పకుండా నీకు తెలుసంటే ఎట్ల?" అన్నాను. అవును, ఆ మాట అన్నాను. మేస్త్రీ తమ్ముణ్ణి వెనకేసుకొచ్చాడు. "వాడు చెప్పిండంటే నాకు ఎర్కనే ఉంటది. నా బుర్రకే తడ్తలేదు."

మూడో శుక్రవారం షహానియా. టైర్ల దుకాణంలో వాళ్ళ మండలం మనిషి దొరికాడు, చాయ్ ఇచ్చాడు, అలాంటి కొత్త మనిషి ఎవరూ రాలేదన్నాడు. తిరుగు బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డాం. ఎండకు తారు మెత్తబడి చెప్పులు అంటుకుంటున్నాయి. ఎదురుగా దుఖాన్ వైపు దారి చూపిస్తూ పెద్ద ఆకుపచ్చ బోర్డు. మేస్త్రీ మొహం చూస్తే దిగులుగా ఉంది, నవ్వించాలనిపించింది.

"చూడు మేస్త్రీ, ఈ అరబ్బులు మీ జిల్లావాళ్ళే మాదిరుండారు. ఏకంగా ఒక ఊరికే దుకాన్ అని పేరు పెట్టుకున్నారు" అన్నాను.

"దుఖాన్ నాకు చూపిస్తున్నవా? ఆడ రెండేండ్లు షట్టరింగ్ చేసిన" అని నవ్వాడు.

నేను నవ్వలేదు. పడమటి ఒడ్డున ఉన్న ఊరు అది. ఆ ఊరి పేరుతో ఉన్న బోర్డుల కింద నుంచి నేను కొన్ని వందలసార్లు బస్సు తోలాను. డ్రైవర్లందరికీ అది దుఖాన్ రోడ్డు. అన్నేళ్ళూ ఆ ఊరూ అతని దుకాణమూ నా తలలో రెండు వేరు వేరు అరల్లో ఉండిపోయాయి. ఇప్పుడు నా ఎగతాళే ఆ రెంటినీ కలిపింది. ఏమైందని అడిగాడు.

"ఆ పొద్దు మీ తమ్ముడు అంగడి అనలేదు."

"మరేమన్నడు?"

"దుకాన్ల ఉన్న అన్నాడు. అన్నకు ఎర్కనే అన్నాడు."

మేస్త్రీ నా నోటి వైపు చూశాడు. నన్ను కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే నాకు తేలికయ్యేది. "వాడు అన్న మాట అన్నట్టు చెప్పకపోతివి, డ్రైవర్ సాబ్" అన్నాడు, గొంతు కూడా పెంచకుండా. "ఆ పొద్దే సమజైతుండె నాకు."

బస్సు కోసం ఆగలేదు. దుఖాన్ వైపు పోతున్న నీళ్ళ ట్యాంకరును చేయెత్తి ఆపాడు. తోలేది ఒక పఠాన్. ఎడారిలో గొర్రెల దొడ్లకు నీళ్ళు పోసే బండి అది. మేస్త్రీ వచ్చీరాని హిందీలో అడిగితే, ఒక తెలుగువాడు కొత్తగా వచ్చిన దొడ్డి ఉందని, ఆ వైపు ఇంతకుముందు నీళ్ళు తెచ్చే డ్రైవరు సెలవు మీద తన దేశం పోయాడని చెప్పాడు. నేనెత్తిన కాల్ ఆ డ్రైవరు ఫోన్ నుంచే వచ్చి ఉంటుంది. దారి పొడుగునా మేస్త్రీ రోడ్డుకు రెండు వైపులా చూస్తూనే ఉన్నాడు, శుక్రవారం కదా, ఎక్కడో కూర్చుని ఉంటాడని. నేను కూడా చూశాను. ఆ దేవుణ్ణి ఈ దేవుణ్ణి అనకుండా అందరికీ మొక్కుకున్నాను. కంకర, కంచె, ఎండ తప్ప మనిషి కనిపించలేదు.

పెద్ద రోడ్డు దిగి మట్టి దారిలో చాలా దూరం పోయాక దొడ్డి వచ్చింది. రేకుల కొట్టం, నీళ్ళ తొట్టి, కంచెలో గొర్రెలు. ఒక ముసలి సూడానీ బయటికి వచ్చాడు. మేస్త్రీ ఫోన్లో తమ్ముడి ఫోటో చూపించాడు. సూడానీ ఫోటో చూసి, మేస్త్రీ మొహం చూసి, "తుమ్ భాయ్?" అని అడిగాడు.

అతనికి వచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో చెప్పాడు. ఫోన్ చేసిన మరుసటి రోజు పొద్దున్నే గొర్రెలకు నీళ్ళు పెట్టి, తలకు గుడ్డ చుట్టుకుని పెద్ద రోడ్డుకు నడిచిపోయాడట. పొద్దుగూకాక వచ్చాడట. తర్వాతి శుక్రవారం జ్వరం. వద్దంటే వినలేదట. వచ్చీ పోయే బండి ఏదో ఒకటి ఆపి దోహా పోవచ్చు కదా అని సూడానీ కూడా అన్నాడట. "భాయ్ ఆయేగా బోలా. మై జాయేగా, భాయ్ ఆయేగా, మాఫీ బోలా." మాఫీ అంటే అరబ్బీలో లేదు, లేడు అని. తను వెళ్ళిపోయాక అన్న వస్తే, తను అక్కడ ఉండడని అతని భయం. ఆ సాయంత్రం తిరిగి రాకపోతే సూడానీ వెతుక్కుంటూ పోయి, రోడ్డు పక్కన పడి ఉన్నవాణ్ణి మోసుకొచ్చాడు. మూడు రోజులు పలవరించాడు. నాలుగో రోజు యజమాని మనిషి బండిలో ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఆ తర్వాత సంగతి సూడానీకి తెలియదు.

తర్వాతి సంగతి మాకు మరుసటి రోజు దోహా ఆసుపత్రిలో తెలిసింది. మంగళవారం పోయాడు. గుండె ఆగిందని కాగితం మీద రాశారు. ఎండలో రెండు శుక్రవారాలు కూర్చున్నాడని రాయడానికి ఆ కాగితంలో గడి లేదు. శవాల గదిలోకి ఒక్కరినే రానిస్తామన్నారు, మేస్త్రీ వెళ్ళాడు. నేను బయట బెంచీ మీద కూర్చుని లెక్క కట్టుకున్నాను. మేం వక్రాలో బిర్యానీ తిన్న రోజు అతను రోడ్డు మీద ఉన్నాడు. అల్ ఖోర్‌లో పడవల నీడలో పడుకున్న రోజు కూడా రోడ్డు మీదే ఉన్నాడు. వాణ్ణి నేనే చంపానని ఎవరూ అనలేదు, ఇప్పటికీ అనరు. నేను అనుకుంటాను. పొరపాటు ఎవరికైనా జరుగుతుందని రూములో వాళ్ళు ఓదార్చారు. విన్న మాట విన్నట్టు చెప్పలేకపోవడం పొరపాటు కాదు, పొగరు.

చావు సంగతి ఊరికి చేరేసింది వేరేవాళ్ళు. ఆదివారం సాయంత్రం తమ్ముడి భార్య ఫోన్ చేసింది. మేస్త్రీ ఫోన్ మంచం మీద పెట్టి స్పీకరు వేశాడు. నేను లేచి బయటికి పోబోతే నా వైపు చూసి, కూర్చోమన్నట్టు చేయి ఆడించాడు. అవతల ఆమె చాలాసేపు ఏడ్చింది. ఏడుపు తెరిపినిచ్చాక అడిగింది.

"నీకన్న ఒక్క ఫోన్ చేసిండా, బావా?"

మేస్త్రీ నన్ను చూశాడు. చెప్పెయ్ అని నేను తలూపాను. ఊపాననే అనుకుంటున్నాను.

"లేదు బిడ్డా" అన్నాడు.

అది నన్ను కాపాడడానికో, ఆమెకు ఇంకో నరకం తప్పించడానికో నేను అడగలేదు. తర్వాత అతను బర్వా అల్ బరాహా అనే ఇంకో క్యాంపుకు రూము మారిపోయాడు కాబట్టి అడిగే అవకాశమూ రాలేదు. ఆ నిమిషంలో మాత్రం నా గుండె మీద బరువు దిగినట్టయింది. అందుకు నా మీద నాకు అసహ్యం వేసింది.

"ఆయనెప్పుడూ అంతే బావా" అంది ఆమె. ఇప్పుడు గొంతులో ఏడుపు కాదు, చచ్చిపోయిన మొగుడి మీద కోపం. "ఆకలైనా నోరు తెర్చి అడగడు. కష్టమొచ్చిందని నీతోటన్న చెప్పద్దా? ఒక్కపారి రమ్మని అడిగితే నువ్వు పోకుండ ఉంటుంటివా?"

అడిగినాడమ్మా, నాతోనే అడిగినాడు అన్న మాట నా గొంతుదాకా వచ్చింది. ఫోన్ నాకు జానెడు దూరంలో ఉంది. నేను నోరు తెరవలేదు.

"పోతుంటి బిడ్డా" అన్నాడు మేస్త్రీ.